సిగ్నల్ నాలుగు గీతలు, నెట్ సున్నా: తప్పు మన ఫోన్‌లోనే ఉందా?

పోస్టు పెద్దదే. నెట్ సరిగా రాని ఊళ్ళో ఉన్నవాళ్ళు సిగ్నల్ ఉన్నచోట ఒకసారి ఓపెన్ చేసి పెట్టుకోండి, ఇంటికెళ్ళాక నింపాదిగా చదువుకోవచ్చు.

మా చిన్నాన్న కూతురి గురించి ముందు చెప్తాను. మాది పాడేరు ఏజెన్సీలో ఒక చిన్న ఊరు. ఊళ్ళో సిగ్నల్ రాదు. పైన బండ మీదికెక్కితే వస్తుంది. అందరం దాన్ని సిగ్నల్ బండ అనే అంటాం. చెల్లికి ఎంసెట్‌లో ర్యాంకు వచ్చింది. వెబ్ ఆప్షన్లు పెట్టుకోవాలి. నోట్‌బుక్‌లో 22 కాలేజీలు వరసగా రాసుకుంది. హాస్టల్ దగ్గరున్నవి పైన, బస్సు దొరకనివి కింద. మూడు రోజులు ప్రయత్నించింది. ఒక పూట లాగిన్ అవ్వదు, ఒక పూట ఓటీపీ టైం అయిపోయాక వస్తుంది. చివరి రోజు రాత్రి వాన. నేను గొడుగు పట్టుకొని నిలబడ్డాను, తను ఫోన్ పట్టుకుంది. ఫోన్‌లో నాలుగు గీతలూ నిండుగా ఉన్నాయి. పేజీ మాత్రం గుండ్రంగా తిరుగుతూనే ఉంది. 22 కాలేజీలూ ఎక్కించి సేవ్ నొక్కేలోపు సెషన్ అయిపోయిందని వచ్చింది. మళ్ళీ మొదటి నుంచి. మళ్ళీ అంతే. రాత్రి పదకొండున్నర దాటాక కిందికి దిగిపోయాం. ఒక్క ఆప్షన్ కూడా సేవ్ కాలేదు.

మొదటి విడతలో సీటు రాలేదు. ఆఖరి విడతలో మిగిలినవాటిలో ఒకటి వచ్చింది. రాత్రంతా బస్సులో పోవాల్సినంత దూరం. తను కోరుకున్న బ్రాంచి కూడా కాదు.

ఆ తర్వాత మాకు మూడు మాటలు వినబడ్డాయి. హెల్ప్ సెంటర్‌లో ఒకాయన, "ముందే పెట్టుకోవాలి కదమ్మా, చివరి రోజు దాకా ఏం చేశారు?" అన్నాడు. టౌన్‌లో మొబైల్ షాపతను, "ఫోన్ పాతదైపోయింది, మార్చేయండి" అన్నాడు. మూడోది మన బంధువే, మన మనిషే. "మనోళ్ళకి నెట్ వాడటం ఎక్కడొచ్చు" అన్నాడు.

నాకు మూడో మాటే ఎక్కువ నొప్పి పెట్టింది. ఎందుకంటే మనలో చాలామందికి ఆ అనుమానం లోపల ఉంది. నెట్ రాకపోతే ఫోన్ ఆపి ఆన్ చేస్తాం, విమానం బొమ్మ నొక్కుతాం, సిమ్ తీసి తుడిచి పెడతాం. అదీ కాకపోతే మన తలరాత అనుకొని కిందికి దిగిపోతాం. ఫాల్ట్ ఎక్కడుందో మాత్రం చూడం.

ఈ పోస్టులో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. నెట్ స్లోగా ఉంటే దానికి ఒక చోటు ఉంటుంది. ఆ చోటు కనిపెట్టొచ్చు, కాగితం మీద రాయొచ్చు, ఫలానా చోట ఫాల్ట్ ఉంది అని అడగొచ్చు. కనిపెట్టనంత కాలం తప్పు తిరిగి తిరిగి మన మీదికే వస్తుంది.

చిన్నాన్న నేర్పింది

ఇది నాకు నేర్పింది చెల్లి వాళ్ళ నాన్నే. ఆయన మైదానంలో ఒక టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో చాలా ఏళ్ళు లైన్ పని చేశాడు. పర్మినెంట్ కాలేదు. కానీ పని బాగా వచ్చు. ఫోన్ మార్చమన్నాడని చెప్తే ఆయనకి కోపం వచ్చింది. "ఫాల్ట్ ఎక్కడుందో చూడకుండా ఫోన్ మార్చమంటాడేంట్రా వాడు? మా కాలంలో అలా చేసుంటే ఏఈ గారు నన్ను స్తంభానికి కట్టేసేవాడు" అన్నాడు.

ఆయన పద్ధతి సులువు. ల్యాండ్‌లైన్ ఫోన్ బాగోలేదని కంప్లయింట్ వస్తే ముందు ఇంట్లో రోసెట్ పెట్టె దగ్గర చూస్తాడు. ఇంటి వైరింగ్ తీసేసి తన టెస్ట్ ఫోన్ నేరుగా పెడతాడు. బాగుంటే ఫాల్ట్ ఇంట్లోనే. బాగోకపోతే బయట స్తంభం మీద డీపీ బాక్స్ దగ్గర చూస్తాడు. అక్కడా బాగోకపోతే రోడ్డు పక్క పిల్లర్, ఆ తర్వాత ఎక్స్ఛేంజీలో ఎండీఎఫ్. ఒక్కో చోట లైను విడదీసి "ఇటా, అటా?" అని చూసుకుంటూ పోవడమే. ఫాల్ట్ ఏ రెండు చోట్ల మధ్య ఉందో తెలిశాకే నిచ్చెన ఎత్తాలి.

ఆయన పనిచేసే రోజుల్లోనే డయల్-అప్ నెట్ వచ్చింది. మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ మొదలైంది 1995 ఆగస్టు 15న. ఫోన్ లైను మీదే నంబరు డయల్ చేసి, మోడెం కీచుకీచుమని అరిచి, అప్పుడు కనెక్ట్ అయ్యేది. మనలో ఎక్కువమంది ఆ శబ్దం వినలేదు. కానీ ఆ కథలో మనకి పనికొచ్చే పాఠం ఉంది.

ఫోన్ తీగ మనిషి మాట కోసం వేసింది. మాట అర్థమవడానికి ఎంత చాలో అంతే, సుమారు 300 నుంచి 3400 హెర్ట్‌జ్ దాకానే పంపేలా ఆ వ్యవస్థ కట్టారు. మోడెం చేసే పని డేటాని శబ్దంగా మార్చి ఆ ఇరుకు సందులోంచి పంపడం. ఎంత తెలివి వాడినా 33.6 కేబీపీఎస్ దగ్గర ఆగిపోయింది. 1998లో 56 కేబీపీఎస్ మోడెం ప్రమాణం వచ్చింది. దానికి ఒక షరతు ఉంది. నెట్ కంపెనీ వైపు నుంచి ఎక్స్ఛేంజీ దాకా లైను మొత్తం డిజిటల్‌గా ఉండాలి, మన ఇంటి తీగ దగ్గర ఒక్కసారి మాత్రమే శబ్దంగా మారాలి. దారిలో ఇంకోసారి మారితే మళ్ళీ 33.6 లోపుకే పడిపోతుంది.

56 కేబీపీఎస్ అంటే సెకనుకి 7 కిలోబైట్లు. 3 మెగాబైట్ల పేజీ ఒకటి తెరవాలంటే ఏడు నిమిషాలు. ఇప్పటి వెబ్‌సైట్లలో ఆ సైజు పేజీలు మామూలే. కాబట్టి "నాకు డయల్-అప్ కాలంలా ఉంది" అని ఎవరైనా అంటే నవ్వకండి. బండ మీద నిలబడ్డవాళ్ళకి అది నిజమైన లెక్క.

కొత్త లైన్ల మీద ఇంకా నెమ్మది

ఇక్కడ విచిత్రం ఒకటి ఉంది. ఫోన్ లైన్లు కొత్తవయ్యే కొద్దీ డయల్-అప్ బాగుపడాలి కదా? చాలాచోట్ల ఉల్టా అయింది.

ఎందుకంటే, కొత్త వ్యవస్థలో మాటని చిన్న చిన్న ప్యాకెట్లుగా కోసి ఇంటర్నెట్ మీద పంపిస్తారు. ఖర్చు తగ్గించడానికి మాటని కుదిస్తారు కూడా. మామూలు ఎక్స్ఛేంజీలో ఒక ఫోన్ కాల్‌కి సెకనుకి 64 కిలోబిట్లు ఇస్తారు. కుదించే పద్ధతుల్లో కొన్ని దాన్ని 8కి దించేస్తాయి. మనిషి చెవికి అక్కర్లేదనుకున్నది తీసి పారేస్తాయి. మన మాట బానే వినిపిస్తుంది. కానీ మోడెం అరుపు మనిషి మాట కాదు. చెవికి అక్కర్లేదని పారేసిన ముక్కలోనే దాని డేటా ఉంటుంది. ఒక ప్యాకెట్ కాస్త ఆలస్యమైతే మనిషికి తెలియను కూడా తెలియదు, మోడెం మాత్రం లైను వదిలేస్తుంది.

ఇలాంటి లైన్ మీద డయల్-అప్ వాడేవాళ్ళు చేసే పనులు కొన్ని ఉన్నాయి. ఇంట్లో పారలల్ ఫోన్లు పీకేసి మోడెంని నేరుగా మొదటి సాకెట్‌కి పెట్టడం. కాల్ వెయిటింగ్ ఆపేయడం. మాటని కుదించని 64 కిలోబిట్ల పద్ధతిలో లైను ఇవ్వమని కంపెనీని అడగడం. ఇవన్నీ అయ్యాక, మోడెంకి "56కి పోవద్దు, 14.4 లేదా 9.6 దగ్గరే ఉండు" అని చెప్పడం. వేగం తగ్గిస్తే లైను తెగకుండా నిలబడేది, మాటిమాటికీ మొదటికి రాకుండా పని పూర్తయ్యేది. అయితే ఇన్ని చేసినా మధ్యలో లైను కుదించేస్తుంటే ఇంట్లో మోడెం మార్చి లాభం లేదు. ఫాల్ట్ ఇంట్లో లేదు కాబట్టి.

ఇందులో నాకు కనిపించే పాఠం ఇది. కొత్త లైను మాట్లాడేవాళ్ళకి మంచిదే. దాన్ని కట్టేటప్పుడు మోడెం వాడేవాళ్ళని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. లెక్కలో లేనివాడికి కొత్తది కూడా పాతదానికంటే అధ్వాన్నంగా ఉండొచ్చు. అమెరికాలో 2023 నాటికి కూడా లక్షన్నరకు పైగా ఇళ్ళు డయల్-అప్ మీదే ఉన్నాయని అక్కడి జనాభా లెక్కల శాఖ సర్వేలో తేలింది. అక్కడి పాత పెద్ద కంపెనీ ఏఓఎల్ 2025 సెప్టెంబరు 30న ఆ సేవ ఆపేసింది.

మన టవర్ల సంగతి

ఇప్పుడు మన బండ దగ్గరికి వద్దాం. మన దగ్గర తీగ లేదు, మోడెం లేదు, టవర్ ఉంది. కానీ చిన్నాన్న ప్రశ్న అదే: ఇటా, అటా?

ఫోన్‌లో కనిపించే గీతలు ఒక్క సంగతే చెప్తాయి, మన ఫోన్‌కీ టవర్‌కీ మధ్య దారి ఎలా ఉందో. టవర్ వెనక దారి గురించి అవి ఏమీ చెప్పవు. మన ఊళ్ళ భాషలో చెప్పాలంటే, ఊళ్ళో సీసీ రోడ్డు వేశారు, కానీ ఊరిని ఘాట్ రోడ్డుకి కలిపే దారి ఇంకా కాలిబాటే. ఊళ్ళో బండి ఎంత స్పీడుగా పోయినా సంతకి టైంకి చేరదు.

టవర్ వెనక దారి మూడు రకాలు. ఒకటి ఫైబర్ కేబుల్. ఇది అన్నిటికంటే మంచిది. రెండోది మైక్రోవేవ్. టవర్ మీద డోలు లాంటి గుండ్రటి పెట్టె ఎదుటి కొండ మీది టవర్‌ని చూస్తూ ఉంటుంది. అక్కడి నుంచి ఇంకో కొండకి, అలా కిందికి. మధ్యలో ఒక టవర్‌కి కరెంటు పోతే దాని వెనకున్న ఊళ్ళన్నీ పోతాయి. మూడోది శాటిలైట్. పెద్ద పళ్ళెం లాంటి డిష్ ఆకాశం వైపు వాలి ఉంటుంది. తలెత్తి చూస్తే మన టవర్ ఏ రకమో చాలావరకు తెలిసిపోతుంది. దానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు.

శాటిలైట్ ఐతే ఇంకో గుర్తు కూడా ఉంది. ఆ శాటిలైట్ భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. మన సందేశం పైకెళ్ళి కిందికొచ్చి, జవాబు కూడా అలాగే రావాలి. వెలుతురు వేగంతో పోయినా దీనికే అర సెకను పడుతుంది. స్పీడ్ టెస్ట్‌లో పింగ్ ఎప్పుడు చూసినా 500, 600 దాటే ఉంటే దారి ఆకాశం మీదుగా ఉందని అనుమానించొచ్చు.

ఏడు రోజులు, ఒక నోట్‌బుక్

చిన్నాన్న చెప్పినదాన్ని ఫోన్‌కి తగ్గట్టు మార్చి నేనూ చెల్లీ ఒక పద్ధతి పెట్టుకున్నాం. మీరూ చేయొచ్చు.

1. ఫోన్ పైన గీతల పక్కన ఏముందో చూడండి. 4జి అని ఉందా, లేక ఇంగ్లీషు "ఇ" అక్షరం ఉందా? "ఇ" ఉంటే అది 2జి కాలపు డేటా. దాని మీద ఈ కాలపు వెబ్‌సైట్లు తెరుచుకోవడం కష్టమే. ఫోన్ సెట్టింగుల్లో 2జి మీదికి పెట్టి ఉందేమో ముందు అది చూసుకోండి.

2. ఒకే చోట నిలబడి రెండు ఫోన్లు, వీలైతే రెండు కంపెనీల సిమ్‌లు పెట్టి చూడండి. ఒక ఫోన్‌లోనే బాగోకపోతే ఫాల్ట్ ఆ ఫోన్‌లో ఉంది. ఇది నిజాయితీగా ఒప్పుకోవాలి, కొన్నిసార్లు ఫోనే కారణం. కొన్ని కొత్త టవర్లు 700 మెగాహెర్ట్‌జ్ బ్యాండ్ మీద పనిచేస్తాయి, పాత ఫోన్లలో కొన్నిటికి ఆ బ్యాండ్ అందదు. అన్ని ఫోన్లలోనూ ఒకేలా ఉంటే ఫోన్ మార్చి డబ్బు తగలేయొద్దు.

3. తెల్లవారుజామున ఐదింటికి ఒకసారి, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి చూడండి. పొద్దున బాగుండి రాత్రి చచ్చిపోతే టవర్‌కి జనం ఎక్కువైపోయారు, లేదా వెనక దారి ఇరుకు.

4. టవర్ కిందికే వెళ్ళి చూడండి. అక్కడ గీతలు నిండుగా ఉండి కూడా నెట్ కదలకపోతే ఫాల్ట్ మన ఊరి వైపు లేదు, టవర్ వెనక ఉంది. ఈ ఒక్క పరీక్షతో సగం వాదన మనదే.

5. కరెంటు పోయిన టైం, సిగ్నల్ పోయిన టైం రెండూ రాయండి. కరెంటు పోయిన కాసేపటికే సిగ్నల్ పోతుంటే టవర్ బ్యాటరీలు అయిపోయాయి, లేదా జనరేటర్‌లో డీజిల్ పోయట్లేదు.

6. అదే టైంకి విశాఖలోనో హైదరాబాద్‌లోనో హాస్టల్లో ఉన్న ఫ్రెండ్‌కి చెప్పి అదే వెబ్‌సైట్ తెరవమనండి. వాళ్ళకీ రాకపోతే ఫాల్ట్ ఆ వెబ్‌సైట్‌ది. మన టవర్‌ని తిట్టి లాభం లేదు.

7. వేగం కొలవడానికి ట్రాయ్ వాళ్ళ మైస్పీడ్ యాప్ వాడండి. స్క్రీన్‌షాట్ తీసి తేదీ, టైం, చోటు రాసి పెట్టండి.

మేం ఏడు రోజులు రాశాం. టవర్ మా బండకి నాలుగు కిలోమీటర్లు. తెల్లవారుజామున ఐదింటికి వీడియో కూడా ఆడింది. రాత్రి ఏడు నుంచి పదకొండు దాకా, టవర్ కింద నిలబడినా, పేజీ తెరుచుకోలేదు. మూడు ఫోన్లలో అదే తీరు. విశాఖలో ఉన్న మా బావకి అదే టైంకి అదే సైట్ మామూలుగానే తెరుచుకుంది. అంటే చెల్లి ఫోన్ కాదు, చెల్లి చేతకానితనం కాదు, వెబ్‌సైట్ కూడా కాదు. సాయంత్రం అందరూ ఇళ్ళకొచ్చేసరికి ఆ టవర్ చాలట్లేదు, లేదా దాని వెనక దారి చాలట్లేదు. ఆ రెంటిలో ఏదైనా అది కంపెనీ చూసుకోవాల్సిన ఫాల్ట్.

నోట్‌బుక్ చూసి చిన్నాన్న ఒక్క మాటే అన్నాడు. "ఇప్పుడు నిచ్చెన ఎత్తొచ్చు."

ఎవరిని అడగాలి, ఏమని అడగాలి

"నెట్ స్లోగా ఉంది సార్" అని చెప్తే "చూస్తాం" అంటారు, అక్కడితో అయిపోతుంది. "ఫలానా టవర్, రాత్రి 7 నుంచి 11 దాకా, టవర్ కిందే ఇంత వేగం, మూడు ఫోన్లలో, ఏడు రోజులు" అని చెప్తే దానికి జవాబు చెప్పాల్సి వస్తుంది.

ముందు 198కి ఫోన్ చేసి కంప్లయింట్ రాయించండి, డాకెట్ నంబర్ తీసుకోండి. నంబర్ లేకపోతే కంప్లయింట్ లేనట్టే. జవాబు నచ్చకపోతే అదే కంపెనీలో అప్పీలు అధికారి ఉంటారు, 30 రోజుల్లోపు అప్పీలు పెట్టుకోవచ్చు. అదీ కాకపోతే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ ఉంది, టెలికాం శాఖకి పంపొచ్చు. ఊరి తరఫున గ్రామసభ తీర్మానం చేసి ఐటీడీఏ పీఓ గారికి, కలెక్టర్ గారికి ఇవ్వండి. 1996 పెసా చట్టం మన గ్రామసభకి ఇచ్చిన బరువు రోడ్డుకి, నీళ్ళకి వాడుతున్నాం. నెట్‌కి ఎందుకు వాడకూడదు?

కంపెనీలు ఏ ఊళ్ళో ఏ సర్వీసు ఉందో మ్యాప్ వేసి తమ వెబ్‌సైట్లలో పెట్టాలని ట్రాయ్ 2024లో నిబంధన తెచ్చింది, అది ఆ ఏడు అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చింది. మీ ఊరు ఆ మ్యాప్‌లో చూడండి. మ్యాప్‌లో 4జి రంగు ఉండి మీ ఫోన్‌లో లేకపోతే ఆ రెండు స్క్రీన్‌షాట్లూ పక్కపక్కన పెట్టి పంపండి. మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనాలంటే కనీసం 2 ఎంబీపీఎస్ ఉండాలని 2023 జనవరిలో మార్చారు. అంతకు ముందు 512 కేబీపీఎస్సే. ఈ అంకె కూడా గుర్తుపెట్టుకోండి.

"కొండల్లో నలుగురి కోసం ఎవరు వేస్తారు?"

ఈ మాట మీరూ వినే ఉంటారు. కంపెనీకి లాభం ఉండదు, అడవి, ఘాట్‌లు, కరెంటు ఉండదు, ఎవరొస్తారు అని. అందులో కొంత నిజం ఉంది. కొండ మీదికి సామాను మోయించడం, డీజిల్ చేరవేయడం మైదానంలోలా సులువు కాదు. అది నేను కాదనను.

కానీ లాభం రాని చోట సర్వీసు ఇవ్వడానికే ఒక ఫండ్ ఉంది. 2002లో యూనివర్సల్ సర్వీస్ ఆబ్లిగేషన్ ఫండ్ అని పెట్టారు, 2023 టెలికాం చట్టంతో దాని పేరు డిజిటల్ భారత్ నిధి అయింది. టెలికాం కంపెనీల ఆదాయం నుంచి 5 శాతం లెవీగా దానికి పోతుంది. దేశంలో రీఛార్జ్ చేసుకునే ప్రతివాడి డబ్బు అందులో కొంచెం ఉంది, మనదీ ఉంది. 2021 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఐదు రాష్ట్రాల్లో వెనకబడ్డ జిల్లాలలోని 7,287 ఊళ్ళకి 4జి ఇవ్వాలని కేంద్ర కేబినెట్ నిర్ణయించింది. 2022 జూలైలో దేశమంతటా సిగ్నల్ లేని 24,680 ఊళ్ళకి 4జి కోసం 26,316 కోట్లు మంజూరు చేసింది. కాబట్టి మనం దానం అడగట్లేదు. మన పేరు మీద మంజూరైంది మన దగ్గరికి ఎంతవరకు వచ్చిందో అడుగుతున్నాం. టవర్ నిలబెట్టి ఫోటో తీసుకోవడంతో పని అయిపోదు. టవర్ వెనక దారి, బ్యాటరీ, డీజిల్ కూడా అందులో భాగమే.

ఇంకో దేశంలో ఆదివాసులు ఏం చేశారో కూడా తెలుసుకుందాం. అమెరికాలో దక్షిణ డకోటాలోని షెయెన్ రివర్ సూ తెగవాళ్ళు 1958లోనే తమ సొంత టెలిఫోన్ సంస్థ పెట్టుకున్నారు. 2020లో అక్కడి కమ్యూనికేషన్ల కమిషన్ తెగల భూముల మీద వాడకుండా ఉన్న 2.5 గిగాహెర్ట్‌జ్ స్పెక్ట్రం కోసం ముందుగా తెగలే దరఖాస్తు పెట్టుకునే అవకాశం ఇచ్చింది. 400కి పైగా దరఖాస్తులు వచ్చాయి. అక్కడి చట్టాలు వేరు, మనవి వేరు. మనం రేపే కంపెనీ పెట్టేద్దామని నేననట్లేదు. కానీ "మా భూమి మీద మీ గాలి తరంగం పోతోంది, మరి మా పిల్లలకి అందదేం?" అని అడిగినవాళ్ళు ప్రపంచంలో ఉన్నారు. ఆ ప్రశ్న మనకీ వర్తిస్తుంది.

టవర్ వచ్చేలోపు

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. టవర్, ఫైబర్ రావడానికి ఏళ్ళు పట్టొచ్చు. గడువులు మాత్రం ప్రతి ఏడూ వస్తాయి. స్కాలర్‌షిప్, అడ్మిషన్, ఈకేవైసీ, హాల్‌టికెట్, అన్నీ నెట్‌లోనే. నెట్ లేని ఊరికి నెట్‌లో మాత్రమే గడువు పెట్టడం అన్యాయం. దీనికి కోట్లు అక్కర్లేదు. గిరిజన మండలాల్లో గడువున్న వారం రోజులూ సచివాలయంలోనో ఐటీడీఏ ఆఫీసులోనో కాగితం మీద రాసిన ఆప్షన్లు తీసుకొని, సంతకం పెట్టి రసీదు ఇచ్చి, వాళ్ళే ఎక్కించాలి. వెబ్‌సైట్ కట్టేవాళ్ళు కూడా పేజీ బరువు తగ్గించాలి, సగంలో తెగిపోయినా అప్పటిదాకా పెట్టింది సేవ్ అయి ఉండేలా చేయాలి. డయల్-అప్ కాలంలో పేజీలు అలా తేలిగ్గానే కట్టేవాళ్ళు. ఇది చేతకాని పని కాదు, గుర్తు లేని పని.

మన వైపు నుంచి కూడా కొన్ని ఉన్నాయి. అప్‌లోడ్ చేసే సర్టిఫికెట్ ఫోటోలు ముందే చిన్న సైజుకి కుదించి పెట్టుకోండి. గడువున్న పని తెల్లవారుజామున చేయండి. ఆ టైంలో మిగతా యాప్‌ల అప్‌డేట్లు ఆపేయండి. టౌన్‌లో ఉన్నవాళ్ళు ఊళ్ళో తమ్ముళ్ళ కోసం ఆ వారం ఫోన్‌కి దొరికేలా ఉండండి. మోడెంని నెమ్మది చేసి లైను నిలబెట్టుకున్నట్టు, ఉన్నదాంట్లో పని జరుపుకోవడం తప్పు కాదు. కానీ దానికే అలవాటు పడిపోయి అడగడం మానేయడం తప్పు.

చెల్లి ఇప్పుడు ఆ దూరం కాలేజీలోనే చదువుతోంది. సెలవులకి వచ్చినప్పుడు నోట్‌బుక్ పట్టుకొని బండ ఎక్కుతుంది. మా కంప్లయింట్‌కి డాకెట్ నంబర్ వచ్చింది. "సాంకేతికంగా పరిశీలించాం, సేవలు సంతృప్తికరంగా ఉన్నాయి" అని మొదటి జవాబు వచ్చింది. స్క్రీన్‌షాట్లతో అప్పీలు పెట్టాం. ఇంకా తేలలేదు. తేలాక ఇక్కడే రాస్తాను, తేలకపోయినా రాస్తాను.

ఈ గ్రూపులో ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం నుంచి రంపచోడవరం, పాడేరు, సీతంపేట దాకా మనోళ్ళున్నారు. ఒక్కొక్కరు మీ ఊళ్ళో ఏడు రోజులు రాసి కామెంట్‌లో పెట్టండి: ఊరు ఏ మండలం, టవర్ ఎంత దూరం, డోలా పళ్ళెమా, పొద్దున వేగం, రాత్రి వేగం, కరెంటు పోయాక సిగ్నల్ ఎంతసేపు నిలిచింది. అన్నీ ఒకచోట చేరిస్తే అది మన సొంత మ్యాప్ అవుతుంది. కంపెనీల మ్యాప్ పక్కన పెట్టి చూపించడానికి పనికొస్తుంది.

ఈసారి ఎవరైనా "మనోళ్ళకి నెట్ వాడటం రాదు" అంటే మీరు కోప్పడకండి. నోట్‌బుక్ చూపించండి.

జోహార్.